ధర ఆపగలరు, అమ్మించలేరు: కాలిఫోర్నియా బీమా కమిషనర్‌గా డేవ్ జోన్స్ ఎనిమిదేళ్లు

సంక్షిప్తంగా: అమెరికాలో బీమా నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆ పదవికి ప్రజలే ఓటేసి మనిషిని ఎన్నుకుంటారు. పేదల తరఫున కేసులు వాదించిన న్యాయవాది డేవ్ జోన్స్ 2011 నుంచి 2019 జనవరి దాకా అక్కడ కమిషనర్‌గా పనిచేశారు. కారు, ఇంటి బీమా ధరల విషయంలో ఆయన మాట శాసనం. ఆరోగ్య బీమా ధరల విషయంలో మాత్రం అది సలహాతో సమానం. ఇక కంపెనీలు ఫలానా ఊళ్లో పాలసీలు అమ్మి తీరాలని చెప్పే అధికారం ఆయనకే కాదు, ఆ కుర్చీలో ఎవరికీ లేదు. ఇప్పటి కాలిఫోర్నియా ఇంటి బీమా సంక్షోభం అర్థం కావాలంటే ఈ మూడు తేడాలనూ చూడాలి.

కాలిఫోర్నియా కొండవాలుల్లో ఇల్లున్న కుటుంబాలను కొన్నేళ్లుగా భయపెడుతున్నది బీమా కంపెనీ పంపే ఉత్తరం. "మీ పాలసీని ఇక రెన్యువల్ చేయడం లేదు" అన్నది దాని సారాంశం. ఆ మాట 75 రోజుల ముందు చెబితే చాలు, సాధారణంగా కంపెనీ బాధ్యత అక్కడితో తీరిపోతుంది. ఇంటి మీద అప్పున్నవాళ్లు బీమా లేకుండా ఉండడానికి వీల్లేదు. వాళ్లు కొనకపోతే అప్పిచ్చిన సంస్థే ఎక్కువ ధరకు ఏదో ఒక పాలసీ తీసుకుని ఆ ఖర్చును నెలవారీ కిస్తీకి తగిలిస్తుంది. కాలిఫోర్నియాలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు కాబట్టి, ఈ ఉత్తరం సంగతి హైదరాబాద్, విజయవాడల్లో ఉన్న తల్లిదండ్రుల చెవికీ చేరే ఉంటుంది.

ఉత్తరం అందుకున్నవాళ్లు మొదట అడిగేది, రాష్ట్రానికి ఎన్నికైన బీమా కమిషనర్ ఒకరున్నారు కదా, ఆయనేం చేస్తున్నారని. ఆ కుర్చీకి ఏ అధికారాలున్నాయో, ఏవి లేవో తెలియనిదే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. జోన్స్ ఉద్యోగ జీవితం దానికి మంచి ఉదాహరణ. చట్టం ఇచ్చిన అధికారాన్ని చివరంటా వాడిన మనిషి ఆయన. అందుకే ఆ అధికారం ఎక్కడ ఆగిపోతుందో ఆయన పదవీకాలంలో స్పష్టంగా కనిపిస్తుంది.

రాష్ట్రానికో రెగ్యులేటర్ ఎందుకు

బ్యాంకుల మీద, షేర్ మార్కెట్ మీద వాషింగ్టన్‌కు పట్టు ఉన్న దేశంలో బీమా మాత్రం రాష్ట్రాలకు ఎలా దక్కింది? దీని వేళ్లు 19వ శతాబ్దంలో ఉన్నాయి. న్యూ హాంప్‌షైర్ 1851లోనే బీమా కంపెనీల మీద అధికారులను నియమించింది. 1869లో పాల్ వర్సెస్ వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు బీమా పాలసీ అమ్మడం అంతర్రాష్ట్ర వ్యాపారం కిందికి రాదంది. దాంతో కేంద్రం జోక్యానికి దారి మూసుకుపోయింది. 1944లో అదే కోర్టు మరో కేసులో ఈ అభిప్రాయాన్ని తిరగేసింది. రాష్ట్రాలూ కంపెనీలూ గగ్గోలు పెట్టాయి. మరుసటి ఏడాదే కాంగ్రెస్ మెక్‌కారన్-ఫెర్గ్యుసన్ చట్టం చేసి, నియంత్రణను తిరిగి రాష్ట్రాలకే అప్పజెప్పింది. ఎనభై ఏళ్లుగా ఆ ఏర్పాటే నడుస్తోంది.

ఫలితంగా ఒకే కంపెనీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చట్టానికి తలవంచాలి. చాలా రాష్ట్రాల్లో కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు. 11 రాష్ట్రాల్లో మాత్రం ప్రజలు ఎన్నుకుంటారు. వాటిలో పెద్దది కాలిఫోర్నియా. అక్కడ కూడా మొదటి నుంచీ ఎన్నిక లేదు, 1988లో ఓటర్లు తెచ్చుకున్నారు.

103వ ప్రతిపాదన మార్చింది ఏమిటి

1980ల చివర్లో కాలిఫోర్నియాలో కారు బీమా ధరలు ఆకాశాన్నంటాయి. హార్వీ రోజెన్‌ఫీల్డ్ అనే న్యాయవాది రాసిన 103వ ప్రతిపాదన (ఓటర్లు నేరుగా ఆమోదిస్తే చట్టమయ్యేది) 1988 నవంబర్ బ్యాలెట్‌కు వచ్చింది. దాన్ని ఓడించడానికి బీమా కంపెనీలు 6 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించాయి. పోటీ ప్రతిపాదనలు కూడా నిలబెట్టాయి. అయినా అది స్వల్ప మెజారిటీతో గట్టెక్కింది.

అంతకు ముందు కంపెనీ తనకు నచ్చిన ధర పెట్టుకునేది. 103 వచ్చాక కారు, ఇల్లు, వ్యాపార ఆస్తుల బీమాలో కమిషనర్ ఆమోదం లేనిదే రేటు కదలదు. రేటు ఎందుకు మారాలో లెక్కలతో నిరూపించుకోవాల్సింది కంపెనీయే. ఇల్లు, కారు వంటి వ్యక్తిగత బీమాల్లో పెంపు 7 శాతం దాటి, వినియోగదారుల తరఫున ఎవరైనా గడువులోగా కోరితే బహిరంగ విచారణ జరపాలి. అలా వాదించిన సంఘాలకు ఫీజు కూడా వస్తుంది. అందుకే కాలిఫోర్నియా ఫైలింగుల్లో "6.9 శాతం" అన్న అంకె తరచూ ఎదురవుతుంది. మన దగ్గర 499, 999 రూపాయల ధరల వెనక ఉన్న తెలివి లాంటిదే ఇది. కాకపోతే అక్కడ కొనేవాడికి ఆశ చూపించడం లేదు, విచారణను తప్పించుకోవడమే లక్ష్యం.

కమిషనర్ ఎన్నికతో రావాలన్నదీ ఈ ప్రతిపాదనలోనిదే. అలా ఎన్నికైన మొదటి కమిషనర్ జాన్ గారమెండీ 1991లో పదవిలోకి వచ్చారు. ఎన్నికైనంత మాత్రాన కమిషనర్ ప్రజల పక్షాన ఉంటారన్న భరోసా లేదని కొద్దికాలానికే తేలింది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం తర్వాత క్లెయిములను సరిగా చూడలేదన్న ఆరోపణలు ఎదుర్కొన్న కంపెనీల నుంచి, అప్పటి కమిషనర్ చక్ క్వాకెన్‌బుష్ పెద్ద జరిమానాల బదులు కొన్ని ఫౌండేషన్లకు విరాళాలు ఇప్పించారు. ఆ డబ్బు ఆయన ముఖం కనిపించే టీవీ ప్రకటనలకు వెళ్లిందని బయటపడి, 2000లో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ మచ్చ మానడానికి చాలా ఏళ్లు పట్టింది.

లీగల్ ఎయిడ్ నుంచి ఆ కుర్చీ దాకా

జోన్స్ హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం, ప్రభుత్వ విధానం రెండూ చదివారు. ఆ చదువు తర్వాత పెద్ద లా ఫర్మ్‌లో చేరడం మామూలు. ఆయన శాక్రమెంటోలో పేదలకు ఉచితంగా న్యాయసహాయం అందించే సంస్థలో 1988 నుంచి 1995 దాకా పనిచేశారు. తర్వాత వైట్‌హౌస్ ఫెలోగా ఎంపికై, క్లింటన్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ జేనెట్ రీనో దగ్గర సలహాదారుగా మూడేళ్లు ఉన్నారు. 1999లో శాక్రమెంటో నగర కౌన్సిల్‌లో, 2004లో రాష్ట్ర అసెంబ్లీలో అడుగుపెట్టారు.

అసెంబ్లీలో ఆరోగ్య కమిటీకి అధ్యక్షత వహించిన కాలం ఆయన తర్వాతి దారిని నిర్ణయించింది. వ్యక్తులు సొంతంగా కొనుక్కునే ఆరోగ్య పాలసీలకు ఆడవాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసే పద్ధతిని నిషేధించే బిల్లును గట్టెక్కించారు. ఆరోగ్య బీమా ధరలకు కూడా ముందస్తు ఆమోదం ఉండాలన్న బిల్లులు తెచ్చారు. అవి ఓడిపోయాయి. 2010లో రిపబ్లికన్ అభ్యర్థి మైక్ విలైన్స్‌ను ఓడించి కమిషనర్ అయ్యారు. అంటే శాసనసభ్యుడిగా తాను ఇప్పించలేకపోయిన అధికారం లేకుండానే ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఒకే కమిషనర్, రెండు చట్టాలు

ఈ కథలో అసలు మెలిక ఇక్కడుంది. 103వ ప్రతిపాదన ఆరోగ్య బీమాకు వర్తించదు. దానికి 2010లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం కంపెనీ కొత్త రేటును 60 రోజుల ముందు దాఖలు చేయాలి, లెక్కలు ప్రజల ముందుంచాలి. కమిషనర్ వాటిని పరిశీలించి, పెంపు అసమంజసమని ప్రకటించవచ్చు. ప్రకటించిన తర్వాత కంపెనీ అదే రేటు వసూలు చేసుకోవచ్చు. నేరం చేశావని తీర్పు చెప్పి, శిక్ష వేసే అధికారం నాకు లేదని జడ్జి లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. పైగా కాలిఫోర్నియాలో ఆరోగ్య పథకాల్లో ఎక్కువ భాగం బీమా కమిషనర్ పరిధిలోనే ఉండవు. వాటిని గవర్నర్ కింద పనిచేసే వేరే శాఖ చూస్తుంది.

ఉన్న కొద్దిపాటి పట్టుతో జోన్స్ రెండు పనులు చేశారు. మొదటిది, పదవిలోకి రాగానే అత్యవసర నిబంధన తెచ్చారు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల్లో వసూలైన ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్య ఖర్చులకే పోవాలన్న కేంద్ర ప్రమాణాన్ని రాష్ట్రంలో అమలు చేసే అధికారం దానితో చేతికొచ్చింది. రెండోది, బహిరంగ ఒత్తిడి. 2011 జనవరిలో బ్లూ షీల్డ్ ఆఫ్ కాలిఫోర్నియా వరసగా మూడో పెంపుకు సిద్ధమైంది. కొందరు పాలసీదారులకు మూడూ కలిపితే భారం 59 శాతం దాకా పోయేది. 60 రోజులు ఆగమని జోన్స్ అడిగారు. కంపెనీ మొదట కాదంది. పత్రికలు, చట్టసభ, పాలసీదారులు అందరూ ఒకేసారి మీద పడ్డాక మార్చిలో మూడో పెంపును విరమించుకుంది.

బయటికి ఇది విజయం. కానీ అది కంపెనీ పరువును బట్టి వచ్చిన విజయం, చట్టాన్ని బట్టి వచ్చింది కాదు. తర్వాతి ఏళ్లలో జోన్స్ పలు కంపెనీల పెంపులను అసమంజసమని ప్రకటించినా కొన్ని వాటిని అమలు చేసుకుంటూ పోయాయి.

అందుకే 2014 నవంబర్ బ్యాలెట్‌కు 45వ ప్రతిపాదన వచ్చింది. కారు బీమాకున్న ముందస్తు ఆమోదాన్ని ఆరోగ్య బీమాకూ తేవాలన్నది దాని లక్ష్యం. జోన్స్ దానికి గట్టి మద్దతుదారు. వ్యతిరేక ప్రచారానికి ఆరోగ్య బీమా కంపెనీలు 5 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. ఒక్క రాజకీయ నాయకుడి చేతిలో ఇంత అధికారం పెట్టొద్దన్నది ఆ ప్రచారం సారం. అప్పుడే మొదలైన ఒబామా ఆరోగ్య చట్టం కింద రాష్ట్రం నడుపుతున్న బీమా మార్కెట్ బేరసారాలకు ఇది అడ్డొస్తుందన్న వాదన కూడా వచ్చింది. అందులో కొంత పస ఉంది. ధర ఆమోదం ఆలస్యమైతే ఏటా అక్టోబర్, నవంబర్‌లో మొదలయ్యే నమోదుకు ప్లాన్లు సిద్ధం కావు.

ఫలితం విచిత్రంగా వచ్చింది. ఒకే రోజు, ఒకే బ్యాలెట్ మీద ఓటర్లు జోన్స్‌ను 57 శాతానికి పైగా ఓట్లతో మళ్లీ గెలిపించారు. ఆయన అడిగిన అధికారాన్ని దాదాపు 59 శాతం మంది తిరస్కరించారు. మనిషి మీద నమ్మకం వేరు, కుర్చీకి ఇచ్చే అధికారం వేరని ఓటర్లు ఇంత స్పష్టంగా విడదీసి చెప్పిన సందర్భాలు అరుదు.

జరిమానాలు, కోర్టు మెట్లు

ధర మీద పట్టు లేని చోట కమిషనర్‌కు మిగిలేది ప్రవర్తన మీద పట్టు. క్లెయిములు సకాలంలో చెల్లించారా, పాలసీదారుకు చెప్పాల్సినవి చెప్పారా, అనుమతి లేని ఫీజులు వసూలు చేశారా అన్నవి చూసి జరిమానా వేయొచ్చు. న్యాయవాదిగా జోన్స్‌కు అలవాటైన పని ఇది.

2014లో పసిఫికేర్ అనే ఆరోగ్య బీమా సంస్థ మీద 17.3 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. ఆ సంస్థను 2005లో యునైటెడ్ హెల్త్ కొన్నది. కొన్న తర్వాత క్లెయిముల వ్యవస్థ గందరగోళమై, పత్రాలు పోవడం, డాక్టర్లకు చెల్లింపులు ఆలస్యం కావడం వంటి ఉల్లంఘనలు 9 లక్షలకు పైగా జరిగాయని జోన్స్ శాఖ లెక్క తేల్చింది. విచారణ జరిపిన న్యాయాధికారి సిఫార్సు చేసింది దాదాపు 1.15 కోట్లు మాత్రమే. రెండు అంకెల మధ్య అగాధానికి కారణం లెక్కించే పద్ధతి. ప్రతి ఆలస్యాన్నీ విడివిడి తప్పుగా చూడాలా, లేక ఒక సాధారణ వ్యాపార పద్ధతిగా రుజువైతేనే తప్పు అవుతుందా అన్న వివాదం కోర్టుకెక్కింది. కింది కోర్టు శాఖ నిబంధనలు చెల్లవంది. 2018లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును తిప్పికొట్టి, విడి ఉల్లంఘన కూడా ఉల్లంఘనేనంది. జరిమానా మొత్తం కన్నా ఈ వ్యాఖ్యానమే తర్వాతి కమిషనర్లకు ఎక్కువ పనికొచ్చేది.

2015 జనవరిలో మెర్క్యురీ అనే బీమా కంపెనీ మీద వేసిన 2.76 కోట్ల డాలర్ల జరిమానా కూడా ఇదే తరహా. ఏజెంట్లు బ్రోకర్ ఫీజు పేరుతో పాలసీదారుల నుంచి వసూలు చేసిన సొమ్ము ఆమోదం లేని ప్రీమియమేనన్నది అభియోగం. అలాంటి లావాదేవీలు 1.8 లక్షలు దాటాయి. ఒక్కోదానికి 150 డాలర్ల చొప్పున వేశారు. కింది కోర్టు కొట్టేసింది, 2019లో అప్పీల్ కోర్టు నిలబెట్టింది. అప్పటికి జోన్స్ పదవి దిగిపోయారు. కేసు పేరులో కూడా తర్వాతి కమిషనర్ లారా పేరే ఉంది. చేసిన పనికి నాలుగేళ్ల తర్వాత ఇంకొకరి పేరు మీద తీర్పు రావడం ఈ ఉద్యోగంలో మామూలే.

అన్నీ ఆయనకు అనుకూలంగా రాలేదు. స్టేట్ ఫార్మ్ ఇంటి బీమా రేటును 6.9 శాతం పెంచమని అడిగింది. జోన్స్ పెంచకపోగా, 7 శాతం తగ్గించి, 2015 జులై నుంచి లెక్కగట్టి తేడా తిరిగి ఇచ్చేయమని 2016లో ఆదేశించారు. ఆ కాలానికి వసూలైన రేటు అప్పట్లో ఆమోదం పొందినదే కదా, వెనక్కి వెళ్లి దాన్ని అక్రమం అనడం ఎలా కుదురుతుందన్నది కంపెనీ వాదన. 2021లో అప్పీల్ కోర్టు కంపెనీ వైపే మొగ్గింది. ఆమోదించిన ధరను వెనక తేదీ నుంచి రద్దు చేసే అధికారం కమిషనర్‌కు లేదంది. మాతృసంస్థ పెట్టుబడుల ఆదాయాన్ని కలిపి లెక్కగట్టడాన్నీ తప్పుపట్టింది.

ఈ కేసు ఇప్పటి పాఠకుడికి ముఖ్యం. రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ ఇంటి పాలసీలున్న కంపెనీకి, కమిషనర్ కార్యాలయానికి మధ్య నమ్మకం అంతంతమాత్రంగా మారిన ఘట్టాల్లో ఇదొకటి.

మంటలు, సగటు లెక్క

జోన్స్ రెండో పదవీకాలం చివర్లో రాష్ట్రం కాలిపోయింది. 2017 అక్టోబర్‌లో శాంటా రోసా వైపు టబ్స్ మంటలు, డిసెంబర్‌లో దక్షిణాన థామస్ మంటలు, 2018 నవంబర్‌లో పారడైజ్ పట్టణాన్ని తుడిచిపెట్టిన క్యాంప్ మంటలు. చివరి దాంట్లో 85 మంది చనిపోయారు. రెండేళ్లలో బీమా కంపెనీలు భరించాల్సిన నష్టం 2,000 కోట్ల డాలర్లు దాటింది.

రెగ్యులేటర్ పనిలో ప్రజలకు అంతగా కనపడని సగం అప్పుడే బయటపడింది. మెర్సెడ్ ప్రాపర్టీ అండ్ క్యాజువాలిటీ అనే శతాబ్దం పైబడిన చిన్న కంపెనీకి పారడైజ్‌లో చాలా పాలసీలున్నాయి. క్లెయిములు 6.4 కోట్ల డాలర్లుగా తేలాయి, ఆస్తులు 2.3 కోట్లే. శాఖ కంపెనీని స్వాధీనం చేసుకుని మూసివేత వైపు నడిపించింది. పాలసీదారుల క్లెయిములు, మునిగిన కంపెనీల తరఫున చెల్లించే రాష్ట్ర హామీ సంఘానికి వెళ్లాయి. ప్రీమియం తక్కువగా ఉంచడం, కంపెనీ నిలబడేలా చూడడం, రెండూ ఒకే అధికారి బాధ్యతలు. ఒకదాన్ని గట్టిగా లాగితే రెండోది సడలుతుంది.

రేటు లెక్క ఎలా సాగుతుందో కాస్త ఆగి చూడాలి, ఇప్పటి గొడవంతా అక్కడే ఉంది. 103 కింద రూపొందిన నిబంధనల ప్రకారం, మహా విపత్తుల కోసం ప్రీమియంలో కలిపే భాగాన్ని కనీసం 20 ఏళ్ల గత నష్టాల సగటు మీద లెక్కించాలి. భవిష్యత్తును అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లను అడవి మంటలకు ఒప్పుకునేవారు కాదు. కంపెనీ తన రిస్కును పంచుకోవడానికి కొనే రీఇన్సూరెన్స్ ఖర్చును కూడా ఇంటి పాలసీదారు మీద వేయనిచ్చేవారు కాదు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక కంపెనీకి 20 ఏళ్లలో మంటల నష్టం మొత్తం 100 కోట్ల డాలర్లు అయితే, ఏడాదికి 5 కోట్ల చొప్పున రేట్లలో కలుపుకోవచ్చు. వాతావరణం వేడెక్కి, కొండల్లో ఇళ్లు పెరిగి, వచ్చే ఏళ్లలో ఏటా 12 కోట్లు పోతాయని దాని సొంత మోడల్ చెబుతోందనుకుందాం. ఆ మోడల్‌ను నియంత్రణ కార్యాలయం చూడదు. మిగతా 7 కోట్లు ఎక్కడి నుంచి రావాలి? రేటు పెంచే దారి లేనప్పుడు కంపెనీ చేతిలో ఉన్నది ఒకటే: రిస్కు ఎక్కువున్న ఇళ్లను వదిలించుకోవడం.

మరో వైపు వాదనా బలహీనమైనదేమీ కాదు. కంపెనీల మోడళ్లు వాటి రహస్యం. లోపల ఏముందో పాలసీదారుకు చూపించరు. తాను పొదలు కొట్టించి, కప్పు మార్పించి, ఇంటి చుట్టూ మంటను ఆపే జాగ్రత్తలు తీసుకున్నా ఆ మోడల్ దాన్ని గుర్తిస్తుందో లేదో చెప్పలేరు. జరిగిన నష్టం లెక్క మాత్రం ఎవరైనా సరిచూసుకోవచ్చు. 103ను రాసినవాళ్ల మొగ్గు అటువైపు.

జోన్స్ హయాంలో శాఖ ఈ అంశంపై వెలువరించిన నివేదిక సమస్యను దాచలేదు. అడవి అంచుల్లో పాలసీలు దొరకడం, వాటి ధర రెండూ కష్టమవుతున్నాయని, కంపెనీని అమ్మమని బలవంతపెట్టే అధికారం తనకు లేదని చెప్పింది. 2018లో చట్టసభ ఒక తాత్కాలిక కట్టు కట్టింది: అత్యవసర పరిస్థితి ప్రకటించిన మంటల ప్రాంతంలో, దాన్ని ఆనుకున్న పిన్‌కోడ్‌లలో ఏడాది పాటు ఇంటి పాలసీలను రద్దు చేయకూడదు. ఏడాది గడిచాక ఏమిటన్నది చట్టం చెప్పలేదు.

ఇలాంటిది అక్కడ మొదటిసారి కూడా కాదు. నార్త్‌రిడ్జ్ భూకంపం తర్వాత, ఇంటి బీమా అమ్మేవారు భూకంప బీమా కూడా ఇవ్వజూపాలన్న నిబంధనకు జడిసి కంపెనీలు ఇంటి బీమానే అమ్మడం తగ్గించేశాయి. 1996లో రాష్ట్రం భూకంప బీమాకు వేరే సంస్థను నెలకొల్పాకే మార్కెట్ కుదుటపడింది.

ఎవరూ ఇవ్వనివారికి చివరి దిక్కు ఫెయిర్ ప్లాన్. పేరు చూసి ప్రభుత్వ పథకం అనుకుంటారు. 1968 నుంచి ఉన్న అది నిజానికి రాష్ట్రంలోని బీమా కంపెనీలన్నీ కలిసి నడిపే కూటమి. రక్షణ తక్కువ, ప్రీమియం ఎక్కువ. 2025 నాటికి దాని పాలసీలు 5 లక్షలు దాటాయి. ఆ ఏడాది జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటల్లో 16 వేలకు పైగా నిర్మాణాలు కాలిపోయాక, ఫెయిర్ ప్లాన్ సభ్య కంపెనీల నుంచి 100 కోట్ల డాలర్లు వసూలు చేయాల్సి వచ్చింది. అందులో కొంత భాగం మామూలు పాలసీదారుల బిల్లుల మీదే పడుతుంది.

హైదరాబాద్ పక్క నుంచి చూస్తే

భారత్‌లో బీమా కేంద్ర జాబితాలోని అంశం. 1999 చట్టం కింద ఏర్పడిన బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ, ఐఆర్‌డీఏఐ, ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోని నానక్‌రామ్‌గూడలో ఉంది. ఛైర్మన్‌ను, సభ్యులను కేంద్రం నియమిస్తుంది. తెలంగాణకో, ఆంధ్రప్రదేశ్‌కో విడిగా బీమా కమిషనర్ ఉండడు. నియంత్రకుడు ఊళ్లోనే ఉన్నా, ఆ పదవికి ఎవరు రావాలో ఓటుతో చెప్పే అవకాశం ఇక్కడి పాలసీదారుకు లేదు.

ధరల విషయంలో భారత్ కాలిఫోర్నియాకు ఎదురు దిశలో నడిచింది. 2007లో చాలా సాధారణ బీమాల ధరలను స్థిర పట్టిక నుంచి విడిపించారు. 2022 నుంచి చాలా పాలసీలను ముందస్తు ఆమోదం లేకుండా మార్కెట్‌లో పెట్టి, తర్వాత దాఖలు చేసే పద్ధతి వచ్చింది. మోటారు థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం ఇప్పటికీ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. సీనియర్ సిటిజన్ల ఆరోగ్య ప్రీమియంను ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందుగా సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది.

అయితే కాలిఫోర్నియా కమిషనర్‌కు లేని ఒక అధికారం ఇక్కడి చట్టంలో ఉంది. 1938 బీమా చట్టంలోని 32బి, 32సి సెక్షన్లు కంపెనీలు గ్రామీణ, సామాజిక రంగాల్లో నిర్ణీత మేరకు పాలసీలు అమ్మి తీరాలంటాయి. థర్డ్ పార్టీ మోటారు బీమాకు 32డి అదే చెబుతుంది. ఆరోగ్య పాలసీని గత ఏడాది క్లెయిములు ఎక్కువయ్యాయన్న సాకుతో రెన్యువల్ చేయకపోవడం కుదరదు. అంటే ఇక్కడ ధరను మార్కెట్‌కు చాలావరకు వదిలేసి, అమ్మే బాధ్యతను కొంత బిగించారు. అక్కడ ధరను బిగించి, అమ్మకాన్ని కంపెనీ ఇష్టానికి వదిలేశారు. గ్రామీణ కోటా తూతూమంత్రంగా తీరుతుందా, నిజంగా రైతుకు చేరుతుందా అన్నది వేరే వ్యాసానికి సరిపడే ప్రశ్న.

పదవి తర్వాత

జోన్స్ పదవిలో ఉండగానే వాతావరణ మార్పును బీమా కంపెనీల ఆర్థిక ఆరోగ్యంతో ముడిపెట్టారు. 2016లో బొగ్గు పెట్టుబడులను స్వచ్ఛందంగా వదులుకోమని రాష్ట్రంలో వ్యాపారం చేసే కంపెనీలను కోరారు, శిలాజ ఇంధనాల్లో ఎంత పెట్టారో వెల్లడించమన్నారు. ఇతర రాష్ట్రాల అటార్నీ జనరల్స్ కొందరు ఇది పరిధి దాటడమని అభ్యంతరం చెప్పారు. 2018లో రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి పోటీచేసి, ప్రాథమిక ఎన్నికలో జేవియర్ బెసెరా చేతిలో ఓడిపోయారు. 2022లో రాష్ట్ర సెనెట్ పోటీలోనూ కొద్ది తేడాతో గెలుపు తప్పింది. బర్కిలీ లా స్కూల్‌లో వాతావరణ రిస్కు అధ్యయన కార్యక్రమానికి డైరెక్టర్‌గా ఉంటూ, అడవిలో ఎండు పొదలను, దట్టంగా పెరిగిన చెట్లను తగ్గించే పనిని ధర మోడళ్లు లెక్కలోకి తీసుకోవాలని వాదిస్తున్నారు. 2025లో టాహో డోనర్ అనే గృహయజమానుల సంఘానికి అలా లెక్కగట్టిన పాలసీ ఒకటి ప్రయోగాత్మకంగా వచ్చింది.

ఆయన తర్వాత వచ్చిన రికార్డో లారా 2023లో దిశ మార్చారు. 2024 చివరికి నిబంధనలు ఖరారయ్యాయి. ఇప్పుడు మంటలకు మోడళ్లు వాడుకోవచ్చు, రీఇన్సూరెన్స్ ఖర్చు కలుపుకోవచ్చు. బదులుగా కంపెనీ రిస్కు ప్రాంతాల్లో తన రాష్ట్ర మార్కెట్ వాటాలో కనీసం 85 శాతం మేరకు పాలసీలు అమ్మే హామీ ఇవ్వాలి. చట్టంలో లేని అమ్మకపు బాధ్యతను ధర పెంపుకు షరతుగా రాబట్టారన్నమాట. వినియోగదారుల సంఘాలకు ఇందులో సందేహాలున్నాయి: ధర వెంటనే పెరుగుతుంది, అమ్మకం మాత్రం ఏళ్ల గడువుతో సాగుతుంది.

2023 మేలో కొత్త ఇంటి పాలసీలు ఆపేసి, 2024లో 72 వేల ఇళ్లు, అపార్ట్‌మెంట్ల పాలసీలు రెన్యువల్ చేయబోమన్న స్టేట్ ఫార్మ్, లాస్ ఏంజెలిస్ మంటల తర్వాత అత్యవసరంగా 22 శాతం పెంపు అడిగింది. 2025 మేలో 17 శాతానికి ఆమోదం దొరికింది. దానికి రెండు షరతులు జతపడ్డాయి: మాతృసంస్థ 40 కోట్ల డాలర్లు అప్పుగా ఇవ్వాలి, పెద్ద ఎత్తున పాలసీలు వదిలించుకునే కార్యక్రమాన్ని ఆ ఏడాది చివరిదాకా ఆపాలి. అంతకు తొమ్మిదేళ్ల ముందు అదే కంపెనీకి అదే కుర్చీ నుంచి 7 శాతం తగ్గించమని ఆదేశం వెళ్లింది.